మసి పూసిన కార్డు

సూర్యాపేట,
14 మార్చి 1971

చిరంజీవి సరళకు,

అక్క పుష్పావతి ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాము. మీ ఇంటిల్లిపాదీ, ముఖ్యంగా మీ అత్తగారు వెంకటనర్సమ్మగారు, కులాసా అని తలుస్తాను.

ఈ కవరులో పదిహేడో ప్రకరణం ఉంది. నా గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే విసుక్కోకు. ఈ మధ్య అట్టకు అడ్డంగా దారాలు కట్టి, ఆ దారాల మధ్య రాస్తున్నాను. అయినా సాయంత్రమయ్యేసరికి అక్షరాలు దారం దాటిపోతున్నాయి. నువ్వు సాపు రాసి పంపిన కాగితాలు చూసి విజయవాడ ప్రెస్సాయన ‘సూర్యగారూ, మీ గుమాస్తా దస్తూరీ ముత్యాల్లా ఉంది’ అని రాశాడు. ఆ సూర్య ఒక ఆడమనిషి అనీ, ఆ గుమాస్తా మిర్యాలగూడలో రైసు మిల్లు వారి కోడలు అనీ తెలిస్తే ఏమంటాడో!

ఆయనే కథ సంగ్రహంగా రాసి పంపమన్నాడు. ఇలా రాశాను: ‘సీతమ్మ అనే కలవారి ఇల్లాలు సోమవారం ఉదయం పక్క మీద చనిపోయి కనిపించింది. విషప్రయోగం. పక్క ఊళ్లో ఉన్న చెల్లెలు అలివేలు, కర్మ అంతా అయ్యాక వచ్చి, చావు కార్డు తనకు ఆలస్యంగా అందిందంటుంది. అక్క ఆదివారం తెల్లవారుజామున పోయినట్టు ఆ కార్డులో ఉందంటుంది. మనిషి పోయింది సోమవారం. అంటే చావుకు ముందే కార్డు రాసినవాడైనా ఉండాలి, ఆ చెల్లెలు అబద్ధమైనా చెబుతూ ఉండాలి. కార్డు చూపించమంటే, చావు కార్డు ఇంట్లో ఉంచకూడదని చదివిన వెంటనే చింపేశానంటుంది.’

చదివి చింపేసే ఆచారం మన అందరిళ్లలోనూ ఉన్నదే కదా. హంతకుడికి అంతకన్న సాయం ఏం కావాలి?

ఇంకో అయిదు ప్రకరణాలు ఉన్నాయి. నీ కూతురు ఆండాలుకు నా ముద్దులు.

నీ అక్క

*

మిర్యాలగూడ,
22 మార్చి 1971

అక్కకు సరళ నమస్కరించి రాసేది,

పదిహేడో ప్రకరణం సాపు చేసి వేరే కవరులో పంపాను. నాలుగు చోట్ల నీ అక్షరం బోధపడక నాకు తోచిన మాట రాసి కింద గీత పెట్టాను, చూసుకో.

నేను రాసుకునేది మధ్యాహ్నం, మిల్లులో మోత ఆగి కూలీలు అన్నాలకు పోయినప్పుడు. అత్తమ్మ వచ్చి పక్కన కూర్చుంటుంది గానీ, కథ చదివి వినిపిస్తానంటే లేచిపోతుంది. ‘ఇంటి నిండ లక్ష్మి ఉండంగ సచ్చుడు సంపుడు ఏందే? మీ అక్క పొద్దున లేస్తె పూజలు చేస్తదంటివి. పూజ చేసిన చేత్తోని మనిషికి విషం ఎట్ల పెడ్తది?’ అంటుంది. ‘కాగితం మీదనే గదా అత్తమ్మా’ అంటే, ‘కాగితం కూడ సరస్వతే’ అంటుంది. ఆమెకు నువ్వంటే గౌరవమే. మా ఇంటికి వచ్చినప్పుడు నువ్వు ఆమె మోకాళ్లకు నూనె రాశావని ఇప్పటికీ చెప్పుకుంటుంది. నీ రాతలంటేనే భయం.

అక్కా, ఒక మాట. ఈ ప్రకరణంలో అలివేలును ఇన్‌స్పెక్టరు మూడుసార్లు ఒకే ప్రశ్న అడిగాడు. కార్డు ఆలస్యంగా అందిందని ఆమె చెబితే ఊళ్లో ఒక్కరూ నమ్మరు. ఎందుకు నమ్మరు? సాపు రాస్తుంటే నా చెయ్యి ఆగిపోయింది. చివరికి ఆ పిల్లను దోషిని చెయ్యవు కదా?

ఆండాలుకు హాలియా నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్లవాడు బి.కాం. చదివాడు. మంచివాళ్లలాగే ఉన్నారు. ఉగాది పోయాక మాటలు.

నీ చెల్లెలు
సరళ

*

సూర్యాపేట,
10 ఏప్రిల్ 1971

సరళకు ఆశీస్సులు.

మొన్న ఈయన నన్ను ఖమ్మం తీసుకువెళ్లి కళ్ల డాక్టరుకు చూపించారు. దాచడం ఎందుకు, ఉన్నది రాస్తాను. నీటికాసులట. ఎడమ కన్ను ఇప్పటికే అయిపోయినట్టే. కుడి కంటికి మందు వేస్తూ ఉంటే నాలుగు నెలలు, దేవుడి దయ ఉంటే అయిదు. ఆపరేషను చేసినా పోయిన చూపు తిరిగి రాదన్నాడు. నేను అడిగిన మాట ఒక్కటే: ‘పుస్తకం పూర్తి చేసేదాకా ఉంటుందా?’ ఆయన నవ్వి, ‘ఏం పుస్తకమమ్మా, రామకోటా?’ అన్నాడు. అవునన్నాను. అబద్ధమాడినందుకు ఇంటికి వచ్చి దీపం దగ్గర లెంపలు వేసుకున్నాను.

కనుక ఇది నా ఆఖరి నవల. పద్నాలుగు రాశాను, ఇది పదిహేనోది. చూపు ఉండగానే నా చేత్తో ముగించాలి, అదొక్కటే కోరిక.

రోజంతా ఎలా గడుస్తుందో అడిగావు ఒకసారి. అయిదింటికి స్నానం, తులసి పూజ, సహస్రనామం. ఈయన దుకాణానికి వెళ్లాక మిద్దె మీద గదిలో కిటికీ పక్కన కూర్చుంటాను. పదింటి నుంచి ఒంటిగంట దాకా వెలుతురు బాగుంటుంది. ఏకాదశినాడూ శుక్రవారమూ ఎవరినీ చంపను. ఆ రోజుల్లో ఇన్‌స్పెక్టరు చేత కాఫీ తాగించడం, వాన కురిపించడం వంటివి రాసుకుంటాను. సాయంత్రం భజనకు వెళితే అక్కడి ఆడవాళ్లు నా పోయినేటి నవల గురించే మాట్లాడుకుంటున్నారు. ‘గా సూర్య అనేటోడు ఎంత పాపపు మనిషో, కన్నతల్లిని గుడ సంపించిండు’ అని ఒకామె అంటే, నేను తాళం కొడుతూ కూర్చున్నాను.

ఏ వస్తువైనా కళ్ల ఎదుట ఉంటే తప్ప నాకు రాయడం రాదు, నీకు తెలుసు కదా. అందుకని ఆ చావు కార్డు కూడా దస్తూరీ మార్చి నిజంగానే రాసి, ఆనవాయితీ ప్రకారం మూలకు మసి పూసి, ఎదురుగా పెట్టుకున్నాను. ఈయన భోజనానికి పిలవడానికి వచ్చి దాన్ని చూసి గుమ్మంలోనే నిలబడిపోయారు.

అలివేలు సంగతి చెప్పను. దోషి ఎవరో ఆఖరి ప్రకరణం దాకా ఎవరికీ చెప్పనని మొదటి నవలప్పుడే నియమం పెట్టుకున్నాను. ఎందుకు నమ్మరని అడిగావు కనుక ఇది మాత్రం చెబుతాను. కోదాడలో వేసిన కార్డు మిర్యాలగూడకు ఎన్ని రోజులకు చేరుతుందో నాకు తెలుసు. అమ్మ పోయినప్పుడు రామ్మూర్తి అన్నయ్య అందరికీ ఒకే పూట కార్డులు వేశాడు. ఖమ్మం వాళ్లు మూడోనాటికి వచ్చారు. నువ్వు పన్నెండో రోజున, అంతా అయ్యాక వచ్చి, కార్డు ఆలస్యంగా అందిందన్నావు. నేను ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడూ అడగడం లేదు.

పద్దెనిమిది, పంతొమ్మిది పంపుతున్నాను.

పుష్పావతి

*

మిర్యాలగూడ,
2 మే 1971

అక్కకు,

నీ కళ్ల సంగతి చదివి రెండు రోజులు ఏ పనీ చేయలేకపోయాను. అత్తమ్మకు చెబితే కులదేవతకు ముడుపు కట్టింది. వేములవాడకు కూడా మొక్కుకుంది. నువ్వు మందు మానకు. నీ కాగితాలు ఎంత గజిబిజిగా ఉన్నా సరే పంపు, ఒక్క అక్షరం పోనివ్వను. పంతొమ్మిది దాకా పూర్తి చేశాను. ఇరవై, ఇరవై ఒకటి కూడా మొన్ననే అందాయి, ఈ వారంలో అవుతాయి.

అమ్మ విషయం ఉత్తరంలో రాసేది కాదక్కా. ఎదురుగా కూర్చున్నప్పుడు చెబుతాను. ఇన్నేళ్లు చెప్పలేదంటే కారణం ఉందనుకో.

ఆండాలుకు హాలియా సంబంధమే ఖాయమయింది. ఆషాఢం రాకముందే నిశ్చయ తాంబూలాలు పెట్టుకున్నాము, జూన్ నాలుగు. వాళ్ల తాతగారు చాలా పట్టింపు మనిషి. ముహూర్తం ఒకసారి తప్పితే ఆ సంబంధమే వద్దనే రకం. అందుకని మా ఆయన ప్రతి పనీ పదిసార్లు చూసుకుంటున్నారు. నువ్వు పెద్దమ్మవు, ముందు వరసలో ఉండాల్సినదానివి. బస్సులో రాలేవని తెలుసు, అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఇరవై ఒకటి చివర ఇన్‌స్పెక్టరు అందరినీ హాల్లో కూర్చోబెట్టి తలుపు వేశాడు. ఆ తలుపు ఎప్పుడు తెరుస్తావు?

సరళ

*

సూర్యాపేట,
21 జూన్ 1971

సరళకు,

మే 31న ఆఖరి ప్రకరణం రిజిస్టరు చేయించాను. ముప్ఫై నాలుగు పేజీలు. ప్రకరణం మొదట్లో కార్డు బొమ్మ వేయించాలని నేను రాసిన కార్డును కూడా కాగితాల పైన పెట్టి పంపాను. అందినట్టు రసీదు వారంలో తిరిగి వచ్చింది. నీ సంతకం ఉన్నచోట నాకు ఒక నల్లటి మరక మాత్రం కనిపించింది. అందిందిలే అని నిశ్చింతగా ఉన్నాను.

ఈరోజుకు మూడు వారాలు. పిల్ల నిశ్చితార్థం ఎలా జరిగిందో రామ్మూర్తి అన్నయ్య ఎవరో చెప్పగా విని కోదాడ నుంచి రాస్తే తెలిసింది. నువ్వు రాయలేదు. ప్రెస్సాయన రెండుసార్లు రాశాడు. నా దగ్గర ఇంకో ప్రతి లేదు, చిత్తు కూడా లేదు. ఆ ముప్ఫై నాలుగు పేజీలు ఎలా రాశానో నాకూ దేవుడికే తెలుసు. రోజుకు రెండు పేజీలు, ఆ తరువాత కళ్ల మీద తడిగుడ్డ వేసుకుని పడుకోవడం.

సరళా, నువ్వు చదివి ఉంటావు. దోషి అలివేలే. కార్డు అసలు రానే లేదు, ఆలస్యంగా అందిందన్నది కట్టుకథ. అది చదివి నీకు బాధ కలిగి ఉండవచ్చు. కలిగితే నాతో పోట్లాడాల్సింది. కాగితాలు ఏం చేశావు? అప్పుడు అమ్మ కార్డు ఆలస్యంగా అందిందన్నావు. ఇప్పుడు ఇది అసలు అందనే లేదంటావా? నేను కఠినంగా రాస్తున్నానని తెలుసు. రాసి చింపి మళ్లీ రాసే ఓపిక నా కళ్లకు లేదు.

పుష్పావతి

*

మిర్యాలగూడ,
27 జూన్ 1971

అక్కా,

ముందు ఇది చదువు: నీ కాగితాలు నేను చూడలేదు. దేవుడి మీద ఒట్టు. నువ్వే ఏదో పట్టింపుతో పంపడం ఆపావనుకున్నాను. అమ్మ మాట ఎత్తాక నాకు రాయడానికి మొహం చెల్లలేదు.

ఏం జరిగిందో నిన్ననే తెలిసింది. నేను వంటింట్లో ఉన్నాను. అత్తమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. పోస్టుమాను శంకరయ్య వచ్చాడు. వాళ్ల మాటలు కిటికీలోంచి వినపడుతున్నాయి.

‘ఏ ఊరి నుంచిరా?’

‘సూర్యాపేట అవ్వా. పుష్పావతమ్మ రాసింది.’

‘ఏ పుష్పావతమ్మ?’

‘ఇంకెవరు? నీ కోడలి అక్క.’

‘సచ్చినామె ఎట్ల రాస్తదిరా? జర మంచిగ సూడు.’

‘గదే నాకు సమజైతలేదు. దస్తూరి మాత్రం ఆమెదే, వంకర్లు సుత గవే.’

నేను పరుగెత్తి వచ్చేసరికి అత్తమ్మ నీ ఉత్తరాన్ని రెండు చేతులతో పట్టుకుని, చదవడం రాకపోయినా దాన్నే చూస్తోంది. కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నాయి. నోరు మాత్రం నవ్వుతోంది. ‘ఉన్నదే సరళా, మీ అక్క ఉన్నది’ అంది. అప్పుడు ఒక్కొక్కటే చెప్పింది.

జూన్ రెండున శంకరయ్య నీ రిజిస్టరు కవరు తెచ్చాడట. నేను ఆండాలును తీసుకుని చీరలు కొనడానికి బజారుకు వెళ్లాను. అత్తమ్మ వేలిముద్ర వేసి తీసుకుంది. పెద్ద కవరు కదా, పిల్లకు నువ్వేదో పంపి ఉంటావనుకుని, తెరిచి చూడమంది. శంకరయ్య తెరవగానే పైన ఉన్నది మసి పూసిన కార్డు. అతనే చదివి వినిపించాడట: ‘మీ అక్కగారు ఆదివారం తెల్లవారుజామున పరమపదించినారు. వెంటనే బయలుదేరి రాగలరు.’ వచ్చింది సూర్యాపేట నుంచి. పేరు లేదు. నీ జబ్బు సంగతి ఆమెకు తెలుసు. ఇంకేం అనుకుంటుంది?

‘నిశ్చయం ఎల్లుండి’ అంది అత్తమ్మ నాతో. ‘నువ్వు ఇంటె నీకు మైల. మైలైతె వాళ్లను ఆపాలె, ఆపితె గా ముసలాయన మల్ల రాడు. ఇననంత సేపు నీకు అంటదు గదా బిడ్డా. శంకరయ్యకు నేనే చెప్పిన, అన్ని చింపి ఇయ్యిరా, ఇంట్ల ఎవ్వరికి చెప్పకు అని. సచ్చినామె రాసిన కాగితాలు గడప లోపలికి రావొద్దని మిల్లు పొయ్యిల ఊకతోని ఏసిన. చెరువుకు పొయ్యి కట్టుచీరతోనే తానం చేసిన. నీ అక్కకు నువ్వు పట్టాల్సిన మూడు దినాల మైల నేను పట్టిన.’

అక్కా, నిశ్చితార్థం రోజు అత్తమ్మ జ్వరమని చెప్పి వెనక కొట్టంలో పడుకుంది. మనవరాలికి తాంబూలం ఇచ్చేటప్పుడు కూడా బయటికి రాలేదు. ముసలితనం, విసుగు అనుకుని నేను కోపం చేసుకున్నాను. ఆమె అక్కడ ఒక్కతీ కూర్చుని నీ కోసం ఏడుస్తోందని నాకేం తెలుసు? మూడు రోజులయ్యాక చెబుదామనుకుందట. ‘నీ మొఖం సూస్తె నోరు రాలె. రోజు అనుకునుడు, రోజు మింగుడు. మీ వాళ్లెవరన్న వస్తరు, వాళ్లే చెప్తరని తొవ్వ సూసిన’ అంది.

ఇక అమ్మ సంగతి. ఇప్పుడు రాయక తప్పదు. అమ్మ పోయిన కార్డు మూడోనాడే వచ్చింది. అప్పటికి నా చిన్నవాడు పుట్టి నాలుగు రోజులు. నాకు జ్వరం, ఒంట్లో రక్తం లేదు, దవాఖాన డాక్టరమ్మ కదలనివ్వొద్దంది. అత్తమ్మ కార్డు చదివించుకుని చింపేసి, నాకు పదకొండో రోజు దాకా చెప్పలేదు. చెప్పిన రోజున నేను ఆమెను అనరాని మాటలన్నాను. మన వాళ్లకు తెలిస్తే ఆమె ముఖం చూడరు, ఆ ఇంట్లో నేను కాపురం చేయాలి. అందుకని కార్డు ఆలస్యంగా అందిందన్నాను. నాకు అందింది మాత్రం ఆలస్యంగానే కదా. నన్ను నమ్మలేదని నీ కళ్లలో చూశాను, నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు.

అలివేలు గురించి అంతగా ఎందుకు అడిగానో ఇప్పుడు నీకు తెలిసింది.

కాగితాలు పోయాయి. నేనేం చేయాలో చెప్పు.

సరళ

*

సూర్యాపేట,
19 జులై 1971

నా చెల్లెలు సరళకు,

అక్షరానికి అక్షరానికి మధ్య వేలు అడ్డం పెట్టుకుని రాస్తున్నాను. ఈయన రాస్తానన్నారు గానీ ఇది నేనే రాయాలి.

రసీదు మీద ఉన్నది సంతకం కాదు, వేలిముద్ర అని ఈయన చూసి చెప్పారు. పద్నాలుగు నవలల్లో వేలిముద్రలు పట్టుకుని దొంగలను పట్టించినదాన్ని, అది ఎవరిది అని ఒక్కసారి ఈయనను పిలిచి అడగలేదు. నీదే అని ముందే అనుకున్నాను కనుక అడగాలని తోచలేదు.

నీ ఉత్తరం వచ్చాక అయిదు రోజులు దేవుడి గదిలోంచి బయటికి రాలేదు. తరువాత, పోయిన ప్రకరణాన్ని గుర్తు తెచ్చుకుని మళ్లీ చెబుదామని, నువ్వు సాపు చేసిన ఇరవై ఒక్క ప్రకరణాలూ ఈయన చేత చదివించుకుని విన్నాను. తొమ్మిది రోజులు పట్టింది. దుకాణం కట్టేసి వచ్చి, కళ్లజోడు తుడుచుకుంటూ చదివారు పాపం. పదో ప్రకరణం దగ్గర ఆగి, ‘నాకైతే ఆ ఇంటి లెక్కలు రాసే మునీము మీదే అనుమానం’ అన్నారు. నేను నవ్వి చదవమన్నాను.

విన్నకొద్దీ నవ్వు పోయింది. సరళా, అలివేలు మీద ఇరవై ఒక్క ప్రకరణాల్లో ఒక్క సాక్ష్యం కూడా లేదు. నేనే ఇన్‌స్పెక్టరునైతే ఆమెను పట్టుకోలేను. ఉన్నదల్లా రాసినదాని అనుమానం. సీతమ్మ ఇంటి నుంచి పోయే ప్రతి కార్డూ మునీము రామనర్సయ్య చేతిరాతే అని ఆరో ప్రకరణంలో నేనే రాశాను. సీతమ్మ మందు సీసా ఆయనే తెచ్చాడని తొమ్మిదిలో రాశాను. మనిషి ఆదివారానికి పోతుందని లెక్క వేసి శనివారమే కార్డు వేశాడు. విషం ఒక రోజు ఆలస్యంగా పనిచేసింది. కార్డు వేళకు అంది ఉంటే ఆ పిల్ల పరుగెత్తుకుని వచ్చి, చావు వేళకు ఆ ఇంట్లోనే ఉండి, నేరం నెత్తిన వేసుకునేది. ఆలస్యంగా అందడమే ఆమెను కాపాడింది. ఇదంతా నా కథలోనే ఉంది. నా కళ్లకు కనిపించలేదు, ఆ రోజుల్లో ఇంకా చూపు ఉంది కూడా.

పన్నెండేళ్లు నీ మీద మనసులో పెట్టుకున్నాను. పండుగలకు చీర పెడుతూ కూడా పెట్టుకున్నాను. అక్కను కనుక క్షమించమని అడగడం వరస కాదంటావు. నేను అడుగుతున్నాను.

ఆఖరి ప్రకరణం ఇక నా చేత్తో కాదు. ఈ ఉత్తరం రాయడానికి నాలుగు రోజులు పట్టింది. నువ్వు వచ్చి నాలుగు రోజులు నా దగ్గర కూర్చో. నేను చెబుతాను, నువ్వు రాయి. అలివేలు చెప్పింది నిజమని నీ దస్తూరీలోనే ఉండాలి.

మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు. ఆమె నా కోసం పట్టిన మైలను ఏ జన్మకు తీర్చుకుంటానో.

పుష్పావతి

*

మిర్యాలగూడ,
25 జులై 1971

అక్కా,

నీ ఉత్తరం అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. క్షమించమన్న చోట కాగితం మడిచేశాను. ఆ మాట మనిద్దరి మధ్య ఇక ఎత్తవద్దు.

బుధవారం మొదటి బస్సుకు బయలుదేరుతున్నాను. రెండు దస్తాల కాగితం, కొత్త సిరాబుడ్డి తెస్తున్నాను. మా ఆయన నాలుగు రోజులేం, పది రోజులుండి రమ్మన్నారు.

అత్తమ్మ కూడా వస్తానంటోంది. మోకాళ్ల నొప్పులతో బస్సు ఎక్కలేవంటే వినదు. ‘ఆమె పోయిందని గంత ఏడ్సిన. బతికున్న మొఖం ఒక్కపారి సూడకుంటె నా పానం కుదుటపడదు. నువ్వు తోల్కపోకుంటె నేనే మిల్లు లారీ ఎక్కి వస్త’ అంటోంది. కంది పొడి దంచుతోంది, నీకని.

సరళ

*

సూర్యాపేట,
16 ఆగస్టు 1971

సరళకు ఆశీస్సులు.

ఇది ఈయన చేతిరాత. నేను చెబుతున్నాను. ఇక ఉత్తరాలన్నీ ఇలాగే వస్తాయి, అలవాటు చేసుకో. కుడి కంటికి ఇప్పుడు కిటికీ ఎటువైపు ఉందో మాత్రం తెలుస్తోంది. డాక్టరు చెప్పిన నాలుగు నెలలకే అయింది. నాకు దిగులు లేదని రాయను. పొద్దున దీపం వెలిగించి, అది వెలిగిందో లేదో చేత్తో వేడి చూసుకోవాల్సి వస్తోంది.

విజయవాడ నుంచి జవాబు వచ్చింది. పుస్తకం పూర్తిగా అందిందట, అచ్చుకు ఇచ్చారట. చివరి ప్రకరణం మిగతా వాటికన్న బాగుందని రాశాడు. అది ఈయన రెండుసార్లు చదివి వినిపించారు.

నీకు చెప్పాల్సింది ఒకటి ఉండిపోయింది. నువ్వు వెళ్లే రోజు కాగితాలు రిజిస్టరు చేయించడానికి పోస్టాఫీసుకు పోయావు చూడు, అప్పటి సంగతి. నువ్వు రాస్తున్న ఆరు రోజులూ మీ అత్తమ్మ గడప అవతలే కూర్చుంది కదా, చావు మాట వినబడకుండా. నువ్వు అటు వెళ్లగానే లోపలికి వచ్చి నా మంచం పక్కన కింద కూర్చుంది. నా ముఖం రెండు చేతులతో తడిమింది.

‘పుష్పమ్మా, ఒకటి అడుగుత, కోపం చెయ్యకు. గా కథల నేనున్ననా?’ అంది.

‘ముందు రాసినదాంట్లో లేరు అత్తమ్మా’ అన్నాను. ‘కార్డు పంపినవాళ్ల గురించి, దాన్ని చింపినామె గురించి రాశాను. గడపలో నిలబడి దాన్ని చేతికి తీసుకునేవాళ్లు ఒకరుంటారని నాకు తోచనే లేదు. ఇప్పుడు రాసినదాంట్లో ఉన్నారు. అలివేలు అత్తగారు. కార్డు ఎప్పుడొచ్చిందో, ఎందుకు దాచిపెట్టిందో ఆమే వచ్చి ఇన్‌స్పెక్టరుతో చెబుతుంది. ఆమె చెబితేనే ఆ పిల్ల బయటపడుతుంది.’

‘పోలీసోళ్ల ముందటికి ఒక్కతే వచ్చిందా?’

‘ఒక్కతే వచ్చింది.’

‘భయమైతలేదా ముసల్దానికి?’

‘అయింది. అయినా వచ్చింది.’

ఆమె ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. తరువాత, ‘మరి ఆమెను జైల్ల ఏసిన్రా?’ అని అడిగింది.

‘లేదు అత్తమ్మా. ఇన్‌స్పెక్టరు లేచి నిలబడి, తాను కూర్చున్న కుర్చీ ఆమెకు వేశాడు.’

‘నువ్వు గిట్ల చెప్తె కాదు. రాసింది రాసినట్టు సదువు’ అంది.

కాగితాలు నీ చేతిలో పోస్టాఫీసుకు వెళ్లిపోయాయి. ఉన్నా నేను చదవలేను. కానీ ఆ ప్రకరణం అక్షరం అక్షరం నా నోటికి వచ్చు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని సర్దుకుని కూర్చునేదాకా ఆగి, హాలు తలుపు తెరుచుకున్న దగ్గర నుంచి మొదలుపెట్టాను. నువ్వు తిరిగి వచ్చి బస్సుకు వేళవుతోందని పిలిచినప్పుడు ఆమె లోపలి నుంచి ‘జర ఆగు’ అని కేక వేసింది చూడు, అందుకే.

నీ అక్క
పుష్పావతి